మూడుసార్లు తట్టిన చెయ్యి

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వినపడదు. ఆపరేషన్ థియేటర్లో అందరికీ ఆవిడ దండాలక్క. మొహం మీద అనరు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? ఎదురుగా అక్కా, వెనకాల దండాలక్క. ఇరవై ఆరేళ్లుగా మత్తు డాక్టర్ల పక్కన నిలబడటమే ఆవిడ ఉద్యోగం. పొద్దున్నే మత్తు మిషను సరిచూడటం, గొట్టాలు సిద్ధం చెయ్యటం, డాక్టరు చెయ్యి చాపితే ఏది కావాలో అడక్కుండానే అందులో పెట్టటం. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఆవిడ కళ్లలోకి చూసి తాము చేసింది తప్పో ఒప్పో తెలుసుకుంటారు. ఆ సంగతి వాళ్లు ఒప్పుకోరు, అది వేరే విషయం.

దండాల కథ ఇదీ. ఛాతీకి గట్టి దెబ్బ తగిలినప్పుడు విరిగిన పక్కటెముక వెళ్లి ఊపిరితిత్తిలో గుచ్చుకుంటుంది. చిల్లు పడ్డ తిత్తిలోంచి గాలి కారుతుంది, కానీ ఒంట్లోంచి బయటికి పోవటానికి దానికి దారుండదు. తిత్తికీ ఎముకల గూటికీ మధ్య చేరి, పిలవని చుట్టంలా అక్కడే తిష్ఠ వేస్తుంది. పేరుకున్నకొద్దీ తిత్తిని నొక్కేస్తుంది. అందుకని పక్కటెముకల సందులోంచి ఒక గొట్టం లోపలికి వేసి, దాని రెండో కొసని నేల మీద పెట్టిన నీళ్ల సీసాలో ముంచుతారు. లోపలి గాలి బుడబుడమంటూ నీళ్లలోంచి పోతుంది. సీసా ఎప్పుడూ మనిషికన్నా కిందే ఉండాలి. పైకెత్తితే నీళ్లు వెనక్కి ఛాతీలోకి వెళ్తాయి.

అలాంటి రోగిని టేబుల్ మీదికి చేర్చగానే ఆవిడ ఒక పని చేస్తుంది. గొట్టాన్ని ఛాతీ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, కప్పిన దుప్పటి ఎత్తి, జానెడు జానెడు తడుముకుంటూ సీసాదాకా వస్తుంది. అక్కడ మోకాళ్ల మీద కూలబడి, తల వంచి, కళ్లు సీసా ఎత్తుకి తెచ్చి బుడగలు చూస్తుంది. లేచాక "ఊఁ" అంటుంది. ఆ ఊఁ వినపడితే గానీ మత్తు మొదలుపెట్టటానికి లేదు. వెనకనుంచి చూసేవాళ్లకి ఆవిడ సీసాకి మొక్కుతున్నట్టే ఉంటుంది. సీసాలో ఏ దేవుడున్నాడక్కా అని ఒక ఆయా అడిగితే, నీకు కనపడని దేవుడు, నువ్వు నేల తుడువు అందట. సర్జను ఒకాయన తన తరపున కూడా ఒక దండం పడెయ్యమన్నాడు. మీ కత్తికి మీరే పెట్టుకోండి సార్ అంది. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

ఇంటికి వద్దాం. ఆవిడ భర్త దర్జీ. ముందుగదే కొట్టు. మహా మాటకారి. మా ఆవిడ జనాన్ని నిద్రపుచ్చుతుంది, నేను చెప్పిన రోజుకి బట్టలివ్వక వాళ్ల నిద్ర చెడగొడతాను, లెక్క సరి అంటాడు. ఆయన మిషను సొరుగులో కత్తెరల మధ్య ఒక స్టీలు పటకారు ఉంటుంది. చూడటానికి కత్తెరలాగే ఉంటుంది, కాకపోతే కొయ్యదు, పట్టుకుంటుంది. పిడి దగ్గర మూడు పళ్లుంటాయి. నొక్కితే టక్, టక్, టక్ అని మూడు మెట్లలో బిగుసుకుని, మళ్లీ వేళ్లతో విడదీసేదాకా వదలదు. నడుముపట్టీల్లో నాడా ఎక్కించటానికి దీన్ని మించిన పనిముట్టు పుట్టలేదంటాడు దర్జీ. ఆసుపత్రిలో పారేస్తుంటే తెచ్చానని చెప్పి ఆవిడే ఇచ్చింది, పదకొండేళ్ల కిందట. కొట్టులో అది టక్, టక్, టక్ మన్నప్పుడల్లా వంటింట్లో ఆవిడ చేతిలో గరిటె ఆగిపోతుంది. వేలెడు ఇనప ముక్కకి ఇంత ఉలికిపాటేమిటే, నీకు మీ డాక్టర్ల చేతే మత్తిప్పించాలి అని ఆయన వెక్కిరిస్తాడు. దాన్ని పారెయ్యమని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. దాచెయ్యనూ లేదు. రోజూ వినపడాలనే తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. శిక్ష వేసేవాళ్లు ఎవరూ లేనప్పుడు మనిషి తనకి తానే వేసుకోవాలి మరి.

థియేటర్లో ఆ పటకారుని క్లాంపు అంటారు.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, గోడలకి పూతపని చేసే మేస్త్రీని తీసుకొచ్చారు. పరంజా మీదనుంచి కుడిపక్కకి పడ్డాడు. అయిదు ఎముకలు విరిగాయి. గొట్టం వేశారు, సీసా బుడబుడలాడుతోంది. వార్డునుంచి థియేటర్‌కి లిఫ్టులో తేవాలి. ఆ లిఫ్టు ఎంత ఇరుకంటే, స్ట్రెచరు పట్టాక పక్కన సీసా పట్టుకుని నిలబడటానికి చోటుండదు. అందుకని సీసాని రోగి కాళ్ల మధ్య పెట్టి, నీళ్లు వెనక్కి పోకుండా గొట్టానికి క్లాంపు బిగించి, పైకి చేరగానే తీసెయ్యటం అక్కడి అలవాటు. పుస్తకాలు ఒప్పుకోని అలవాటే. కానీ లిఫ్టు ఇరుకైతే పుస్తకం ఏం చేస్తుంది? రోజూ వేసేవారు, రోజూ తీసేవారు. ఆ రోజు వేసింది ఆవిడ. పైకి రాగానే పక్క థియేటర్లో సిలిండరు అయిపోయిందని కేకేస్తే అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి మేస్త్రీని టేబుల్ మీదికి మార్చి ఆకుపచ్చ దుప్పటి కప్పేశారు. క్లాంపు దుప్పటి కిందే ఉండిపోయింది.

మెలకువగా ఉన్నంతసేపూ మనిషి తన ఊపిరి తనే పీల్చుకుంటాడు, గాలి కారినా కొద్దికొద్దిగా కారుతుంది. మత్తిచ్చాక అలా కాదు. డాక్టరు చేత్తో రబ్బరు బ్యాగు నొక్కి గాలిని లోపలికి తోస్తాడు. చిల్లున్న తిత్తిలోకి తోస్తే ఆ గాలంతా చిల్లులోంచి బయటపడుతుంది. గొట్టం మూసి ఉంటే దానికి దారేది? లోపలే పేరుకుని తిత్తిని అణిచేసి, గుండెని పక్కకి నెట్టేస్తుంది. నిమిషాల పని. ఇదంతా ఆవిడని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అయినా మర్చిపోయింది. తెలిసినవాళ్లు చేసే తప్పే ఇది, తెలియనివాళ్లకి క్లాంపు ఎక్కడ దొరుకుతుంది?

మేస్త్రీకి మాట రానంత ఆయాసంగా ఉంది. మాస్కు పెట్టబోతుంటే కుడిచెయ్యి ఎత్తి, తన ఛాతీ మీద కుడిపక్కన వేళ్ల కణుపులతో మూడుసార్లు తట్టాడు. ఆవిడ కళ్లలోకి చూశాడు. మళ్లీ మూడుసార్లు తట్టాడు. భయపడ్డవాళ్లు చేతులు ఆడిస్తారు, మాస్కు పీకేస్తారు. అలాంటి చేతుల్ని టేబుల్ పక్కనున్న పలకకి పట్టీతో కట్టటం కూడా ఆవిడ పనే. "ఏం కాదు బాబూ, కళ్లు మూసుకో" అని చెప్పి ఆ చెయ్యి తీసుకెళ్లి పలక మీద పెట్టి కట్టేసింది. కట్టాక కూడా ఆ వేళ్లు పలక మీద తట్టాయి. టక్, టక్, టక్. తరవాత మందు ఎక్కి ఆగిపోయాయి.

పది నొక్కులైనా కాకుండానే బ్యాగు రాయిలా బిగుసుకుంది. మత్తు డాక్టరు బలమంతా పెట్టి నొక్కాడు. గుండె ఆగింది. గుండె మీద నొక్కారు, ఇంజక్షన్లు పొడిచారు, అరగంట తరవాత ఒక్కొక్కళ్లూ చేతులు దించేశారు. డాక్టరు బయటికి వెళ్లాడు, మేస్త్రీ భార్యతో చెప్పాలి కదా. గదిలో ఆవిడ, నేల తుడిచే ఆయా మిగిలారు. ఆవిడ దుప్పటి తీసింది. క్లాంపు కనపడింది.

విడదీసి జేబులో వేసుకుంది. అంతే, కాళ్ల మధ్య సీసా బుడబుడమని లేచింది. పోయిన మనిషి ఛాతీలోంచి గాలి ఆగకుండా వస్తూనే ఉంది. ఆయా తుడుస్తున్నదల్లా తలెత్తి, ఇంకా ఊపిరుందా అక్కా అని అడిగింది. లేదు అంది ఆవిడ. బుడగలు ఎంతసేపు వచ్చాయో ఆవిడకి ఇప్పటికీ లెక్క తెలియదు. దెబ్బకి తిత్తి బాగా చిరిగిపోయిందని కాగితంలో రాశారు. ఆవిడ నోరు విప్పలేదు. ఆ రోజు భయపడింది, మర్నాడు సిగ్గుపడింది, ఆ పై వారం నుంచీ ఇక చెప్పటానికి వేళ మించిపోయింది అనుకుంది.

వారం తిరక్కముందే మొదలైంది. మధ్యాహ్నం వరండా ఖాళీగా ఉన్నప్పుడు వెనకనుంచి టక్, టక్, టక్. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, పంపు కట్టేశాక. ఇంట్లో బీరువాలో బట్టలు సర్దుతుంటే బీరువా లోపలి చెక్క మీద. మొగుడు నాడా ఎక్కిస్తున్నాడేమోనని ముందుగదిలోకి చూస్తే ఆయన బజారుకి వెళ్లి ఉంటాడు. మంచి చెవుల డాక్టరుకి చూపించుకుంది. ఆయన అన్నీ చూసి, మీ చెవులు నా చెవులకన్నా బాగున్నాయి అన్నాడు. బాగుండటమే కదా ఆవిడ బాధ.

అప్పటినుంచే దండాలు. వడ్రంగిని బతిమాలి ప్రతి స్ట్రెచరు కిందా సీసా పట్టే పెట్టె కొట్టించింది. ఇక క్లాంపుతో పనే లేదు. రోగికి పూర్తిగా మత్తు ఎక్కేదాకా ఎవరి చెయ్యీ కట్టదు, ఎవర్నీ కట్టనివ్వదు. ఒక్కటి చెప్పుకోవాలి. అన్ని చోట్ల వినపడిన ఆ చప్పుడు, టేబుల్ మీద రోగి ఉండగా థియేటర్లో మాత్రం ఎప్పుడూ వినపడలేదు. అదొక్కటే ఆవిడకి ఊరట. ఉద్యోగంలో నిలబడగలిగింది అందుకే.

ఆ రోజు బ్యాగు నొక్కిన డాక్టరు ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. పెద్దాయన అంటారు. మంచి మనిషి, కానీ ఛాతీ దెబ్బల కేసు వస్తే ఎదురుగా నిలబడి చెప్తాడే తప్ప తను బ్యాగు పట్టుకోడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంటుంది. జేబులో ఏం దాచారు సార్ అని పిల్ల డాక్టర్లు నవ్వుకుంటారు. దండాలక్క ఆ జేబు వైపు చూడదు.

ఇక మొన్నటి సంగతి. పొద్దున పదకొండు గంటలకి బస్సు కండక్టరమ్మని తెచ్చారు. డిపోలో వెనక్కి వస్తున్న బస్సుకీ గోడకీ మధ్య నలిగింది. కుడిపక్క నాలుగు ఎముకలు విరిగాయి, లోపల రక్తం ఆగటం లేదు. కుడిపక్క గొట్టం వేశారు. ఎడమపక్క ఎక్స్‌రే ఫొటోలో శుభ్రంగా ఉంది. నొప్పికి భయపడి పిట్టలా చిన్నచిన్న ఊపిర్లు తీస్తూ కూడా నోరు ఊరుకోదు కండక్టరమ్మకి. "టికెట్ లేకుండానే లోపలికి ఎక్కిస్తున్నారేమ్మా" అంది టేబుల్ మీదికి మారుస్తుంటే. తిరుగు టికెట్ కూడా ఉచితమే, ఊరుకో తల్లీ అంది దండాలక్క. గొట్టం తడుముకుంటూ వచ్చింది, కూలబడింది, బుడగలు చూసింది, ఊఁ అంది. మత్తిచ్చేది ఒక చిన్న డాక్టరమ్మ. తెలివైనది, మనిషి కాస్త కటువు.

మందు ఎక్కింది. ఒంట్లో ప్రతి కండనీ సడలించే మందు. అది ఎక్కాక మనిషి రెప్ప కూడా ఆడించలేదు. నోట్లోంచి ఊపిరిగొట్టం వేశారు. డాక్టరమ్మ బ్యాగు నొక్కటం మొదలుపెట్టింది. సర్జను కత్తి అందుకున్నాడు.

టక్, టక్, టక్.

దండాలక్క కండక్టరమ్మ చెయ్యి చూసింది. బస్సు ఒంటిని కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి కదా, అదేనేమో అనుకుంది. చెయ్యి పలక మీద అరచెయ్యి పైకి తెరిచి పడి ఉంది. వేలు కూడా కదలటం లేదు, కదిలే వీలూ లేదు. మళ్లీ టక్, టక్, టక్. దుప్పటి కిందనుంచి, ఎడమపక్కనుంచి. గదిలో అయిదుగురున్నారు, ఎవరూ తల తిప్పలేదు. ఆవిడ పరుగున గొట్టం మళ్లీ తడిమింది. క్లాంపు లేదు, మెలిక లేదు, కుడిపక్క సీసా చక్కగా బుడబుడలాడుతోంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, చప్పుడు మాత్రం ఆగలేదు.

అప్పుడు మిషను కూసింది. బ్యాగు బరువెక్కుతోందంది డాక్టరమ్మ. చెవులకి స్టెతస్కోపు తగిలించుకుని విన్నది. ఎడమపక్క గాలి వెళ్లటం లేదు. ఊపిరిగొట్టం మరీ లోతుకి జారి కుడి తిత్తిలోకే వెళ్లిపోయిందని రెండు వేళ్లంత వెనక్కి లాగింది. ఎవరైనా ముందు అదే అనుకుంటారు, అదే చేస్తారు. లాగినా లాభం లేకపోయింది. రక్తపోటు దిగిపోతోంది. లోపల ఎక్కడో రక్తం కారుతోందని సర్జనూ, కాదు ఊపిరిగొట్టమే అని డాక్టరమ్మా మాటా మాటా అనుకుంటున్నారు. పెద్దాయన్ని పిలుచుకు రావటానికి నర్సు పరిగెత్తింది.

దండాలక్క దుప్పటి పక్కకి లాగి, కండక్టరమ్మ ఎడమ ఛాతీ మీద తన వేళ్ల కణుపులతో తట్టింది. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

"అమ్మా, ఎడమపక్క గాలి చేరింది. సూది వెయ్యండి" అంది.

ఫొటోలో ఏమీ లేదు కదా అంది డాక్టరమ్మ. ఫొటో తీసినప్పుడు లేదు, ఇప్పుడు మీరు తోస్తున్నారు అంది ఆవిడ. కనపడనంత చిన్న చిల్లు, బ్యాగు నొక్కుతుంటే పెద్దదవుతుంది. డాక్టరమ్మకి అది తెలియక కాదు. కానీ బాగున్న తిత్తిలో సూది గుచ్చితే చిల్లు తనే పెట్టినట్టవుతుంది. ఏం చూసి చెప్తున్నారు, గట్టిగా చెప్పగలరా అని అడిగింది. టక్, టక్, టక్. ఈసారి దండాలక్క చెవి పక్కనే.

ఏం చూసి చెప్పాలి? పోయిన మనిషి చెప్తున్నాడని చెప్పాలా? పిచ్చిది అని బయటికి పంపేస్తారు. ఈలోగా ఈ కండక్టరమ్మ పోతుంది, సీసాలో బుడగలు మాత్రం మిగులుతాయి. ఇక దాచుకుంటే రెండో ప్రాణం కూడా తన జేబులోకే వస్తుంది.

"పదకొండేళ్ల కింద ఇదే టేబుల్ మీద ఒక మేస్త్రీ ఇలా తట్టి చూపించాడు. నేను వినలేదు, చెయ్యి కట్టేశాను. గొట్టానికి క్లాంపు వేసింది నేను, తియ్యటం మర్చిపోయింది నేను. లోపల గాలి చేరి పోయాడతను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. ఆ చప్పుడు నాకు తెలుసమ్మా. సూది వెయ్యండి."

డాక్టరమ్మ చెయ్యి చాపి తనూ కుడిపక్క తట్టింది, ఎడమపక్క తట్టింది. రెండోసారి తట్టి చూడలేదు. పొడుగు సూది అందుకుని ఎడమపక్క, ఎముకల సందులో దించింది. బుస్సుమని గాలి బయటికి వచ్చింది, అందరికీ వినపడేలా. చేతిలో బ్యాగు మెత్తబడింది. మానిటరు మీద అంకెలు ఒక్కొక్కటే పైకి ఎక్కాయి. ఎడమపక్క కూడా గొట్టం వేసి, రెండో సీసా తెమ్మన్నారు. దండాలక్కే తెచ్చింది. రెండో సీసా ముందు కూలబడి లేచేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూసింది. పెద్దాయన. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఆయన మొహంలోనే రాసి ఉంది.

ఆపరేషను అయ్యాక బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడింది. ఆయన కుడిచెయ్యి జేబులోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ చెయ్యి గట్టిగా నొక్కటం వల్ల తిత్తి పగిలిందనుకున్నానమ్మా. పదకొండేళ్లు. అన్నం కలిపేటప్పుడు కూడా దీన్ని చూడబుద్ధి కాలేదు."

ఆవిడకి ఆ సంగతి తెలియదా? జేబు వైపు ఎందుకు చూసేది కాదు మరి? తెలుసు. తెలిసీ ఊరుకుంది. తన తప్పు తను మోస్తున్నానని రోజూ అనుకుంటూ, సగం బరువు ఆయన చేతిలో పెట్టి ఊరుకుంది. అది ఆయన ముందు నిలబడ్డాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. కాళ్ల మీద పడబోతే ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కోపంగానే తీసుకున్నాడు. క్లాంపు ఉందా అని అడిగాడు. ఉంది సార్, మా ఇంట్లో ఉంది అంది.

ఆ సాయంత్రం ఆవిడ మొగుడికి అంతా చెప్పింది. ఆయన సొరుగు తెరిచి పటకారు తీసి, కొత్త గుడ్డముక్కలో చుట్టి ఇచ్చాడు. మర్నాడు అది సూపరింటెండెంటు బల్ల మీద పెట్టి, ఆవిడ తన చేత్తోనే అంతా రాసిచ్చింది. విచారణ అయ్యేదాకా థియేటర్లో అడుగు పెట్టవద్దన్నారు. న్యాయమే. కండక్టరమ్మకి వెన్నులో సన్నటి గొట్టం పెట్టి నొప్పి తెలియకుండా మందు ఎక్కిస్తున్నారు, గట్టిగా దగ్గుతోంది, ఊపిరి బాగా తీస్తోంది. ఆవిడని చూడటానికి కూడా దండాలక్క వార్డులోకి వెళ్లలేదు.

మిగిలింది ఒక్క చోటు. పాత కేసు కాగితంలో చిరునామా చూసి, పెద్దాయనా ఆవిడా కలిసి వెళ్లారు. సందు చివర రెండు గదుల ఇల్లు. మేస్త్రీ భార్య గుమ్మంలో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తామెవరో చెప్పాక ఇస్త్రీపెట్టె నిలబెట్టి, లోపలికి రమ్మంది, నీళ్లిచ్చింది. దండాలక్క నీళ్లు ముట్టుకోకుండా మొత్తం చెప్పింది. లిఫ్టు, క్లాంపు, దుప్పటి. చెయ్యి కట్టటం. సీసాలో బుడగలు. ఒక్కటి కూడా మింగలేదు.

ఆమె ఏడవలేదు. చివరికి అడిగింది.

"ఎన్నిసార్లు తట్టాడు?"

"మూడుసార్లు. మళ్లీ మూడుసార్లు. కట్టేశాక కూడా."

ఆమె లేచి లోపలిగది గోడ దగ్గరికి వెళ్లింది. నున్నగా పూసిన గోడ. మధ్యలో బల్లంత మేర పూత లేదు, ఎర్రటి ఇటుకలు బయటపడి ఉన్నాయి. ఆ ముక్క పక్కన పూత మీద వేళ్ల కణుపులతో తట్టుకుంటూ వచ్చింది. ఒక చోట గోడ బోలుగా మోగింది. కండక్టరమ్మ ఎడమ ఛాతీ మోగింది ఇలాగే. అచ్చం అదే చప్పుడు.

"మా మేస్త్రీ పనిలో నోరు విప్పేవాడు కాదు" అంది ఆమె. "పూసిన గోడని ఇలా తట్టుకుంటూ పోతాడు. లోపల గాలి చేరిన చోట బోలుగా మోగుతుంది. అక్కడ నిలబడి మూడుసార్లు తడితే కూలీలకి అర్థం, ఇక్కడ గాలుంది, తీసెయ్యండి అని. ఈ ముక్క ఆ రోజు పొద్దున్నే కొట్టేసి వెళ్లాడు. సాయంత్రం వచ్చి పూస్తానన్నాడు. నేను ఎవరినీ పూయనివ్వలేదు."

మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక ఈ గోడలో అప్పుడప్పుడు చప్పుడవుతుందని, ఎలకలని అందరూ అంటారని కూడా చెప్పింది. తను ఎలకల మందు ఎప్పుడూ పెట్టలేదట. పెద్దాయన కుడిచెయ్యి చాపి ఇటుకల మీద ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

గుమ్మందాకా వచ్చాక ఆమె మళ్లీ మాట్లాడింది.

"భయపడుతూ పోయాడనుకున్నాను ఇన్నేళ్లూ. అదే తలుచుకుని ఏడ్చేదాన్ని. భయపడలేదన్నమాట. మీకు పని చెప్పాడు." ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. "మీరు చెయ్యలేదు."

"చెయ్యలేదమ్మా" అంది దండాలక్క.